పిల్లలు మత్తు బారిన పడకుండా కుటుంబం ఏం చేయాలి? పడితే ప్రభుత్వ సాయం ఎక్కడ దొరుకుతుంది?

ఇంటర్ చదువుతున్న అబ్బాయి ప్యాంటు ఉతకడానికి తీశారనుకోండి. జేబులో సిగరెట్ చుట్టుకునే పల్చటి కాగితాలు, చిన్న ప్లాస్టిక్ కవర్లో ఎండిన ఆకు. వాసన చూడగానే విషయం అర్థమైంది. ఎవరికి చెప్పాలి? వాళ్ల నాన్నకు చెబితే కొడతారు. బంధువులకు తెలిస్తే పరువు పోతుంది. పోలీసుల దాకా వెళితే కేసు అవుతుందేమో, చదువు పాడవుతుందేమో. చివరికి ఆ కవర్‌ను పారేసి, 'ఇంకెప్పుడూ ముట్టనని ఒట్టు వేయి' అని అడిగి ఊరుకుంటారు.

ఇలాంటి భయాలతో కుటుంబం నోరు మెదపకుండా గడిపే నెలలే చాలా విలువైనవి. సరదాగా మొదలైనది వ్యసనంగా మారేది ఆ సమయంలోనే. చికిత్స కోసం ముందుకొచ్చిన వారికి చట్టంలోనే రక్షణ ఉంది. ఉచితంగా సలహా ఇచ్చే ఫోన్ నంబర్లు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చికిత్స కూడా ఉన్నాయి. వాటిని ఎలా వాడుకోవాలో, అసలు అక్కడి దాకా రాకుండా ఇంట్లో ఏం చేయవచ్చో చూద్దాం.

సమస్య ఎంత పెద్దది?

కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ మత్తు చికిత్స కేంద్రం దేశవ్యాప్తంగా ఒక సర్వే చేసి 2019లో నివేదిక ఇచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల మధ్య వారిలో సుమారు 16 కోట్ల మంది మద్యం, 3.1 కోట్ల మంది గంజాయి, భంగు వంటివి వాడుతున్నట్లు అంచనా వేసింది. వైట్‌నర్, జిగురు వంటి వాటిని పీల్చే అలవాటు మాత్రం పెద్దవాళ్ల కంటే పిల్లల్లోనే ఎక్కువగా ఉంది. పెద్దల్లో అది 0.58 శాతమైతే పిల్లల్లో 1.17 శాతం.

అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది. మాదకద్రవ్యాలకు బానిసైన ప్రతి 20 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మద్యం విషయంలో 38 మందికి ఒక్కరు. మిగిలిన వారంతా ఇంట్లోనే, ఆ కుటుంబం కళ్ల ముందే ఉన్నారు.

కుటుంబం పాత్ర అంత పెద్దదా?

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం 2013లో నివారణ ప్రమాణాలు ప్రచురించి, 2018లో వాటిని సవరించింది. పిల్లలతో మెలిగే తీరు గురించి తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణ మంచి ఫలితమిస్తుందని ఆ ప్రమాణాలు చెబుతున్నాయి. భయపెట్టే ఉపన్యాసాల వల్ల మాత్రం ప్రయోజనం కనిపించలేదు.

ఐస్‌లాండ్ అనుభవం దీనికి ఉదాహరణ. అక్కడ 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది గత నెలలో ఒక్కసారైనా తాగి మత్తులో ఉన్నట్లు చెప్పారు. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. గంజాయి రుచి చూసిన వారు 17 శాతం నుంచి 7 శాతానికి తగ్గారు. అక్కడ ప్రతి బడిలో తల్లిదండ్రుల సంఘాలను బలపరిచారు. రాత్రి ఎన్ని గంటలకల్లా పిల్లలు ఇంట్లో ఉండాలో నియమం పెట్టారు. ఆటలకు, సంగీతానికి ప్రభుత్వమే డబ్బు సాయం చేసింది. పిల్లలతో ఎక్కువ సమయం గడపమని తల్లిదండ్రులకు నచ్చజెప్పారు. మన పరిస్థితులు వేరైనా, ఇందులో చాలావరకు ఏ ఊళ్లోనైనా చేయగలిగినవే.

అలవాటు కాకముందే ఇంట్లో ఏం చేయాలి?

మొదటిది, రోజుకు ఒక్క పూటైనా కలిసి భోజనం. ఫోన్లు, టీవీ పక్కన పెట్టి తినండి. మార్కుల గురించి కాకుండా స్నేహితుల గురించి, కాలేజీలో జరిగిన వాటి గురించి మాట్లాడనివ్వండి. 'మా వాళ్లకు చెప్పుకోవచ్చు' అనే నమ్మకం పిల్లలకు ఇలాంటి మామూలు కబుర్లతోనే ఏర్పడుతుంది.

రెండోది, స్పష్టమైన నియమాలు. ఎక్కడికి వెళుతున్నారు, ఎవరితో, ఎప్పుడు తిరిగి వస్తారు అనే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పి వెళ్లడం ఇంటి అలవాటు కావాలి. ఈ నియమం అమ్మాయికి ఒకలా, అబ్బాయికి ఒకలా ఉండకూడదు. తప్పితే ఏమవుతుందో ముందే చెప్పండి. ఒక రోజు చూసీ చూడనట్లు వదిలేసి, మరో రోజు అదే తప్పుకు కొడితే పిల్లలు నేర్చుకునేది దాచడం ఒక్కటే.

మూడోది, డబ్బు లెక్క. హాస్టల్లో ఉన్న పిల్లలకు యూపీఐలో అడిగినప్పుడల్లా పంపకుండా నెలకు ఇంత అని నిర్ణయించండి. ఖర్చు గురించి నెలకోసారి కలిసి మాట్లాడుకోండి. దొంగను పట్టుకోవడానికి అడిగినట్లు కాకుండా, ఇంటి ఖర్చులు మాట్లాడుకున్నట్లే మాట్లాడండి.

నాలుగోది, పెద్దల నడవడిక. ఇంట్లో సీసా తెరిచి, 'నీళ్లు తీసుకురారా' అని కొడుకునే పంపే తండ్రి మాటకు బరువు ఉండదు. నిద్ర పట్టడం లేదని డాక్టర్‌ను అడగకుండా మాత్రలు మింగడం, మిగిలిన నొప్పి మాత్రలు బీరువాలో ఉంచడం కూడా పిల్లలు గమనిస్తారు. వాడని మందులను ఇంట్లో ఉంచకండి.

ఐదోది, తోటి తల్లిదండ్రులతో పరిచయం. మీ అబ్బాయి స్నేహితులు నలుగురి తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయా? 'కంబైన్డ్ స్టడీ' అన్న రాత్రి ఒక్క ఫోన్ కాల్‌తో విషయం తేలిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో బడులు, కాలేజీల్లో ఈగల్ క్లబ్బులు ఏర్పాటు చేశారు. తెలంగాణలోనూ విద్యాసంస్థల్లో యాంటీ డ్రగ్ కమిటీలు ఉన్నాయి. మీ పిల్లల కాలేజీలో అది ఉందో లేదో, ఎవరు చూస్తున్నారో తల్లిదండ్రుల సమావేశంలో అడగండి.

ఏ గుర్తులను గమనించాలి?

ఒక్క గుర్తును చూసి నిర్ణయానికి రాకండి. ఎర్రబడ్డ కళ్లు, తలుపు వేసుకోవడం, విసుగు మామూలు ఎదుగుదలలోనూ కనిపిస్తాయి. డిప్రెషన్‌లోనూ ఇలాంటి మార్పులే వస్తాయి. కొన్ని మార్పులు ఒకేసారి వచ్చి, వారాల తరబడి కొనసాగితే జాగ్రత్త పడాలి:

- పాత స్నేహితులు పూర్తిగా దూరమై, ఇంటికి రాని కొత్త స్నేహాలు
- నిద్ర వేళలు, ఆకలి ఒక్కసారిగా మారిపోవడం
- హాజరు, మార్కులు పడిపోవడం, ఇష్టమైన ఆటను మానేయడం
- ఇంట్లో డబ్బు, చిన్న వస్తువులు మాయం కావడం
- బట్టలకు జిగురు, థిన్నర్ వాసన, ఖాళీ వైట్‌నర్ సీసాలు, వాడేసిన మాత్రల స్ట్రిప్పులు, సిరంజీలు

అనుమానం రాగానే మందుల షాపులో టెస్ట్ కిట్ కొని బలవంతంగా మూత్ర పరీక్ష చేయకండి. కొన్ని మామూలు మందుల వల్ల కూడా ఫలితం తప్పుగా రావచ్చు. పరీక్ష అవసరమా కాదా డాక్టర్ చెబుతారు.

తెలిసిన రోజు ఏం చేయాలి?

ఆ క్షణంలో ఏమీ మాట్లాడకండి. పిల్లలు మత్తులో ఉన్నప్పుడు, మీరు కోపంలో ఉన్నప్పుడు మాట ముందుకు సాగదు. మర్నాడు ఇద్దరూ కుదుటపడ్డాక, తోబుట్టువులు లేని సమయంలో కూర్చోండి. ముందుగా తల్లి, తండ్రి ఒక మాట మీదకు రావాలి. ఒకరు కొడుతుంటే మరొకరు వెనకేసుకొస్తే పిల్లలకు ఆ సందు చాలు.

మాట ఇలా మొదలుపెట్టవచ్చు: "నాన్నా, నీ జేబులో ఇది దొరికింది. నిన్ను కొట్టడానికి అడగడం లేదు. నాకు భయమేసి అడుగుతున్నా. ఎప్పటి నుంచి, ఎంత వాడుతున్నావో చెప్పు. ఏదైనా సరే కలిసి చూసుకుందాం." తర్వాత ఆగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. మీకు చెప్పలేనిది మేనమామకో, పిన్నికో, ఇష్టమైన లెక్చరర్‌కో చెప్పవచ్చు. అలాంటి ఒకరి సాయం తీసుకోండి. పది మంది పెద్దలను కూర్చోబెట్టి పంచాయితీ మాత్రం పెట్టకండి.

ఏం వాడుతున్నారో, ఎన్నాళ్ల నుంచో తెలుసుకోవడం చాలా ముఖ్యం. చికిత్స దాన్ని బట్టే ఉంటుంది. రోజూ ఎక్కువగా మద్యం తాగేవారు, ఆల్ప్రాజోలం వంటి నిద్రమాత్రలకు అలవాటు పడినవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకు రావచ్చు. తెలంగాణలో 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు, అందులో కలిపిన మత్తుమందులకు అలవాటు పడినవారు వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. అందుకే గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే ప్రయత్నం చేయకండి.

పిలిచినా పలకకపోవడం, శ్వాస బాగా నెమ్మదించడం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోపు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు, మజ్జిగ పోయకండి. ఏం తీసుకున్నారో డాక్టర్ దగ్గర దాచకండి.

ఏ నంబరుకు ఎందుకు ఫోన్ చేయాలి?

అన్నీ ఒకటే అనుకుని పోలీసు నంబరుకు ఫోన్ చేయడానికి చాలామంది జంకుతారు. నిజానికి చికిత్స నంబర్లు వేరు, ఫిర్యాదు నంబర్లు వేరు.

- 14446: మత్తు మాన్పించడానికి కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే టోల్ ఫ్రీ హెల్ప్‌లైన్. కౌన్సెలింగ్ ఇస్తారు, దగ్గరలోని కేంద్రం చెబుతారు. మొదట ఫోన్ చేయాల్సింది దీనికే.
- 14416: టెలీ మానస్. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సేవ. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల దిగులు, ఆత్మహత్య ఆలోచనల గురించే కాదు, మీ ఆందోళన గురించీ చెప్పుకోవచ్చు.
- 1933: నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో 2024లో మొదలుపెట్టిన 'మానస్' హెల్ప్‌లైన్. అమ్మకాల సమాచారం ఇవ్వవచ్చు, సలహా కూడా అడగవచ్చు. పేరు దగ్గరగా ఉన్నా టెలీ మానస్ వేరు, ఇది వేరు.
- 1972: ఆంధ్రప్రదేశ్ ఈగల్ విభాగం. 1908: తెలంగాణ ఈగల్ విభాగం. రెండు రాష్ట్రాల్లో పేరు ఒకటే అయినా విభాగాలు వేరు. కాలేజీ దగ్గర ఎవరైనా అమ్ముతున్నారని తెలిస్తే చెప్పాల్సినవి ఇవి.
- 1098: పిల్లల సహాయ నంబరు. 18 ఏళ్ల లోపు వారి చేత మత్తు పదార్థాలు మోయిస్తున్నా, అమ్మిస్తున్నా చెప్పండి.

కేసు అవుతుందా?

తల్లిదండ్రులను ఎక్కువగా వెనక్కి లాగేది ఈ ప్రశ్నే. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం వాడటం కూడా నేరమే. సెక్షన్ 27 కింద గంజాయి వాడితే 6 నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి. హెరాయిన్, కొకైన్ వంటి వాటికి ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా.

అదే చట్టంలో సెక్షన్ 64ఏ ఉంది. వాడినందుకు గానీ, 'స్వల్ప పరిమాణం' దగ్గర ఉన్నందుకు గానీ కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ముందుకొచ్చి, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే ఆ నేరాలకు విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. చికిత్సను మధ్యలో వదిలేస్తే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. సెక్షన్ 39 కింద, నేరం రుజువైనా వయసు, ఆరోగ్యం, గత నడవడిక చూసి శిక్షకు బదులు చికిత్సకు పంపే అధికారం కోర్టుకు ఉంది.

ఈ రక్షణ అమ్మేవారికి వర్తించదు. స్నేహితుల కోసం తెచ్చి డబ్బు తీసుకోవడం కూడా అమ్మకం కిందకే వస్తుంది. గంజాయికి స్వల్ప పరిమాణం అంటే కిలో వరకు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్ల జైలు. 'ఈ బ్యాగు హైదరాబాద్‌లో ఇచ్చేస్తే ఐదు వేలు' అన్న మాటకు లొంగి బస్సెక్కే కుర్రాడికి ఈ తేడా తెలియదు. మీరు చెప్పాల్సిన విషయాల్లో ఇది ముందుండాలి. ఎవరు ఇచ్చినా మూసి ఉన్న బ్యాగు మోయకూడదు.

పిల్లలకు మత్తు పదార్థాలు ఇచ్చేవారికి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 77 కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. పిల్లల చేత అమ్మించినా సెక్షన్ 78 కింద అదే శిక్ష.

చికిత్స ఎక్కడ? అక్కడ ఏం జరుగుతుంది?

హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రులే కాకుండా, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగాలు ఈ చికిత్స అందిస్తాయి. కేంద్రం సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలూ ఉన్నాయి. ఏ జిల్లాలో ఏది ఉందో 14446లో చెబుతారు. అందరినీ చేర్చుకోరు. చాలామందికి ఓపీలో చూపించుకుని, మందులు, కౌన్సెలింగ్‌తో ఇంటి దగ్గరే ఉండే చికిత్స సరిపోతుంది. మానేసినప్పుడు వచ్చే వణుకు, నిద్రలేమి, ఒళ్లునొప్పులకు మొదట మందులు ఇస్తారు. ఆ తర్వాత కౌన్సెలింగ్ ఉంటుంది. దానికి కుటుంబాన్నీ పిలుస్తారు. వెళ్లండి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా అనారోగ్యంగానే చూస్తుంది. అందువల్ల రోగికి గోప్యత హక్కు ఉంది. గొలుసులతో కట్టేయడం నిషేధం. 18 ఏళ్ల లోపు వారిని చేర్చుకుంటే పెద్దల నుంచి వేరుగా ఉంచాలి, తల్లిదండ్రులు లేదా సహాయకులు తోడు ఉండాలి. ప్రైవేటు కేంద్రంలో చేర్చే ముందు నాలుగు విషయాలు అడగండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా? రోజూ చూసే మానసిక వైద్యుడు ఎవరు? మేం వచ్చి చూడవచ్చా? ఏ మందులు ఇస్తున్నారో రాసి ఇస్తారా? 'మూడు నెలల దాకా ఇటు రావద్దు' అనే చోట చేర్చకండి.

వీటి జోలికి వెళ్లకండి

తెలియకుండా అన్నంలో కలిపితే తాగుడు మానేస్తారంటూ అమ్మే పొడులు ప్రమాదకరం. మద్యం మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే కొన్ని మందులే రోగికి తెలియకుండా ఇస్తే, పైన మద్యం తాగినప్పుడు ప్రాణాపాయం తెస్తాయి. 'పెళ్లి చేస్తే దారిలో పడతాడు' అనే మాట ఇంకో అమ్మాయి జీవితాన్ని ఈ కష్టంలోకి లాగుతుంది. అప్పు తీర్చేసి విషయం ముగిసిందనుకోవడం, కాలేజీ మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టడం కూడా సమస్యను వాయిదా వేస్తాయంతే.

చికిత్స తర్వాత ఇంట్లో

ఇంటికి వచ్చిన మొదటి నెలలు కీలకం. ఫాలోఅప్ తేదీలను క్యాలెండర్‌లో రాసుకుని మీరే తోడు వెళ్లండి. రోజు ఖాళీగా ఉండకుండా క్లాసులు, పని, ఆట ఏదో ఒకటి ఉండేలా చూడండి. పాత ముఠాకు దూరం కావాలంటే కొత్త తోడు కావాలి. అన్నదమ్ములు, బాబాయిలు ఇక్కడ పనికొస్తారు. ప్రతి గొడవలో 'నీ గంజాయి సంగతి నాకు తెలీదా' అని ఎత్తిపొడవకండి.

మళ్లీ వాడటం జరగవచ్చు. షుగర్, బీపీ రోగులు మందు మానేస్తే జబ్బు తిరగబెట్టినట్లే ఇదీ తిరగబెడుతుంది. చికిత్స వృథా అయిందని కాదు, డాక్టర్ దగ్గరకు మళ్లీ వెళ్లాలని దాని అర్థం. ఒక జాగ్రత్త మాత్రం గుర్తుంచుకోండి. కొన్నాళ్లు మానేసి మళ్లీ పాత మోతాదే తీసుకుంటే శరీరం తట్టుకోలేదు. హెరాయిన్, కొన్ని నొప్పి మందుల విషయంలో మరణాలు సంభవించేది ఇలాగే.

ఈ క్రమంలో తల్లి నిద్ర, తండ్రి ఉద్యోగం, చెల్లి చదువు అన్నీ దెబ్బతింటాయి. తప్పంతా తమ పెంపకానిదే అనుకుని కుంగిపోయే తల్లిదండ్రులూ ఉంటారు. 14416 మీ కోసం కూడా. కౌన్సెలర్ దగ్గర మీరు కూడా ఒక గంట కూర్చోండి.

మీ ఇంట్లో ఇప్పుడు అలాంటి అనుమానం ఏమీ లేకపోవచ్చు. అయినా 14446ను ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఈ రాత్రి భోజనం దగ్గర పిల్లలను కాలేజీ ఎలా ఉందని అడగండి. వాళ్లు చెబుతున్నంతసేపూ మధ్యలో అడ్డుపడకుండా వినండి.